నాలుగో జాగాలో బంతిపూలు

రండి, ఇంకొంచెం ఇటు జరిగి కూర్చోండి. ఈ ఫ్యాను చప్పుడులో నా మాట సగమే వినబడుతుంది. చేతిలో పని ఉంటే తెచ్చుకోండి, బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ వినొచ్చు, బీడీలు చుట్టుకుంటూ వినొచ్చు. నేను చెప్పబోయేది మా ఆయన తన సమాధికి జాగా అడగడానికి పోయిన ప్రయాణం. అయ్యో, అలా మొహాలు పెట్టకండి. ఆయన బాగానే ఉన్నాడు. మధ్యాహ్నం అన్నం తిని పక్క గదిలో గురక పెడుతున్నాడు.

సిరిసిల్ల: అన్నం ముందు అన్న మాట

మా ఆయన పేరు రాజేశం. మరమగ్గాల ఇంట్లో పుట్టాడు. మా దగ్గర వాటిని సాంచాలంటాం. ఆ సాంచాల చప్పుడు పడక మిలిటరీలో చేరి, అక్కడ అంతకన్నా పెద్ద చప్పుళ్లు విని, హవల్దారుగా దిగి వచ్చాడు. పోయిన చలికాలం ఛాతీలో పట్టేసినట్టయితే కరీంనగర్ తీసుకుపోయాం. గుండెకు స్టెంటు వేసి, "ఇంకేం భయం లేదు, బాగా నడవండి" అన్నాడు డాక్టరు. మనిషి నడుస్తున్నాడు గానీ, బుర్ర మాత్రం ఒక్కచోటే కూర్చుంది.

ఒకనాడు కంచం ముందు కూర్చుని, ముద్ద కలుపుతూ అన్నాడు.

"సుగుణా, నేను పోతే నన్ను మానేరు ఒడ్డుకు తీస్కపోకుండ్రి. సామేలు పక్కన పండవెట్టుండ్రి."

"అన్నం కాడ గదేం ముచ్చటయ్యా! ముందుగాల పప్పేసుకో."

సామేలు ఎవరో మీకు తెలియాలి కదా. మేడిపల్లి దాటాక ఒక చిన్న ఊరు, ఆ ఊరి పిల్లవాడు. ఇద్దరూ ఒకేరోజు భర్తీ అయ్యారు, ఒకే రైలెక్కారు, ఒకే పళ్లెంలో తిన్నారు. కొండల మీద కాపలా తిరుగుతుంటే మంచు విరిగిపడి సామేలు పోయాడు. అప్పుడు మా ఆయన ఇంకో పోస్టులో ఉన్నాడు. దారులు మూసుకుపోయి దిగి రాలేకపోయాడు. సామేలును సొంత ఊళ్లోనే, మిలిటరీ బందూకులు పేల్చి, మట్టి చేశారట. అక్కడ ఊరి చివర మామిడి తోట పక్కన మూడు సమాధులున్నాయి, ముగ్గురూ సిపాయిలే. అదే వరుసలో నాలుగో మనిషికి సరిపోయే జాగా ఖాళీగా ఉంది. పింఛను మీద వచ్చిన కొత్తలో ఒకసారి పోయి చూసిన ఆ ఖాళీ మా ఆయన కళ్లలోనే ఉండిపోయింది.

ఈస్టరుకు ముందు శనివారం ఆ సమాధులకు సున్నం వేస్తారని, ఊరంతా అక్కడే ఉంటుందని, ఆ ఊరి చర్చి సంఘం పెద్ద యాకోబుకు ఫోను చేసి తెలుసుకున్నాడు. "రా అన్నా, మాట్లాడుదాం" అన్నాడట యాకోబు. ఇంకేం, ఆయన సంచి సర్దాడు. నేనూ సర్దాను.

నేనెందుకంటారా? వాళ్లు జాగా ఇవ్వం అనాలి, ఆ మాట నా చెవులతో వినాలి. ఆయన పోయి మామిడి తోట పక్కన పడుకుంటే, నేను కోపమొచ్చినప్పుడల్లా బస్సులు మారి పోయి కొట్లాడి రావాలా?

బోయినపల్లి దారిలో

ఆర్టీసీ బస్సులో ఇప్పుడు మా ఆడవాళ్లకు టికెట్టు లేదు, మగవాళ్లకే. నేను కిటికీ పక్కన దొరసానిలా కూర్చుంటే ఆయన జేబులు తడుముకున్నాడు. బస్సు కదిలిందో లేదో, పెదాలు కదిలించడం మొదలుపెట్టాడు. జపం చేస్తున్నాడనుకున్నాను. కాదు, యాకోబు ముందు చెప్పాల్సిన మాటలు బట్టీ పడుతున్నాడు.

"సామేలుకు నేను బయటోన్ని గాను. ఇంటోన్ని. సొంత తమ్ముని లెక్క. ఇంటోనికి హక్కుంటది..."

"గా హక్కు ముచ్చట జర మెల్లగ చెప్పు, కండక్టరు ఇంటుండు" అన్నాను.

బోయినపల్లి దాటాక టైరు పంక్చరైంది. అందరం దిగాం. రెండు పక్కలా యాసంగి వరి కోతకొచ్చి పచ్చగా, పసుపుగా ఊగుతోంది. మా సిరిసిల్లలో కళ్లముందు ఎప్పుడూ గోడలూ దారాలూ. ఇంత ఖాళీ చూసేసరికి నాకు ఊపిరి తేలికైంది. గట్టు మీద ఒకామె గడ్డి కోస్తోంది. మమ్మల్ని చూసి చెట్టు కిందికి పిలిచి, సీసాలోంచి మజ్జిగ పోసింది. అందులో పచ్చిమిరపకాయ నలిపి వేసింది, గొంతు దిగుతుంటే ప్రాణం లేచొచ్చింది. నేను తెచ్చిన సర్వపిండి ఆమెకు విరిచిచ్చాను.

"ఎటు పోతున్నరక్కా?" అంది.

"మేడిపల్లి దిక్కు. సమాధుల కాడికి."

"అయ్యో! ఎవ్వలు వోయిండ్రు?"

"ఇంక ఎవ్వలు పోలే చెల్లె. ఈయన పోతడట. ముందుగాల జాగ సూసుకుంటుండు."

ఆమె మా ఆయనను కింది నుంచి పైదాకా చూసింది. "మంచిగనే ఉన్నడు గదా! మా ఆయన ఇంటికి దర్వాజ పెట్టియ్యుమంటే మూడేండ్ల సంది పెట్టిస్తలేడు. మీ ఆయనకు ఎంత ముందుచూపు!" అంది. ఆ ఎగతాళికి నేను నవ్వాను. ఆయన మజ్జిగ సీసా మీద రాసిన అక్షరాలు చదువుతున్నట్టు నటించాడు.

కొండగట్టు: ఒకే దేవుడికి రెండు మొక్కులు

మేం పోయింది హనుమంతుడి చిన్న జయంతి రోజులు. గుట్ట నిండా కాషాయం. దీక్ష పట్టినవాళ్లు వేలమంది, "జై శ్రీరామ్" అంటూ మెట్లెక్కుతున్నారు, ఆ పక్కనే కొబ్బరికాయల కుప్పలు, చెరుకురసం బండ్లు, తప్పిపోయిన పిల్లల పేర్లు చదివే మైకు. ఆయన మెట్లెక్కుతానన్నాడు. నేను వద్దని ఆటో ఎక్కించాను. రద్దీ అని ఆటోవాడు రేటు పెంచాడు. "మీ గుండె నా ఆటో కన్న ఖరీదు గదా పెద్దయ్యా" అని వాడే సమాధానం కూడా చెప్పుకున్నాడు.

వరుసలో నిలబడి నిలబడి, చివరికి అంజన్న ముందుకు తోయబడ్డాం. ఒక్క రెప్పపాటు దర్శనం. బయటికొచ్చి పులిహోర పొట్లం విప్పాక అడిగాను.

"ఏం మొక్కినవయ్యా?"

"జాగ దొరకాలెనని. నువ్వు?"

"దొరకొద్దని."

పులిహోర ముద్ద ఆయన చేతిలోనే ఆగిపోయింది. మొగుడూ పెళ్లాల పంచాయితీ ఆ దేవుడికి కొత్తేమో పాపం, పెళ్లి చేసుకోలేదు కదా. ఎవరి మాట విన్నాడో తరువాత చెబుతాను.

దిగేసరికి ఆయన చెప్పులు లేవు. విడిచిన చోట చెప్పుల గుట్టే ఉంది గానీ ఆయనవి లేవు. ఏప్రిల్ ఎండకు బండలు పెనంలా కాలుతున్నాయి. ఆయన ఒక కాలు ఎత్తి ఇంకో కాలు దించుతూ గెంతుతుంటే దీక్షలో ఉన్న ఒక పడుచువాడు చూసి, "తాతా, నువ్వు గూడ దీక్ష పట్టినవా? బట్టలు మార్సుడు మర్సిపోయినవ్!" అన్నాడు. నా తువ్వాల రెండు ముక్కలు చేసి ఆయన పాదాలకు చుట్టి ఆటో దాకా నడిపించాను. నేసిన బట్ట చించడానికి మా ఇళ్లలో చేతులు రావు. నాకూ రాలేదు. కానీ ఆ పాదాలు చూశాక వచ్చాయి.

జగిత్యాల: ఏడాది నడిచే చెప్పులు లేవు

రాత్రి కొండ కిందే ఒక సత్రంలో పడుకుని, పొద్దున్నే జగిత్యాలలో దిగాం. గడియారం టవర్ దగ్గర చెప్పుల దుకాణం ఇంకా పూర్తిగా తెరవలేదు. దుకాణం పెద్దాయన, గడ్డం తెల్లగా ఉన్న ముస్లిం ముసలాయన, మా ఆయన కాళ్ల గుడ్డలు చూసి ఏమీ అడక్కుండానే స్టూలు వేశాడు. ఒక జత తీసి చూపించాడు.

"తీస్కో సాబ్. గట్టి మాల్. పదేండ్లు నడుస్తది."

"పదేండ్లు నాకెందుకు భాయ్! ఏడాది నడిస్తే సాలు."

దుకాణం పెద్దాయన ఆ జత వెనక్కి తీసుకుని, డబ్బాలో పెట్టి, మూత వేసి, మళ్లీ తీశాడు. "ఏడాది నడిచే చెప్పులు నా దుకాణంల లేవు సాబ్. నేను గసుంటియి అమ్మ. గివ్వే ఏసుకో, మిగిలిన ఏండ్లు ఖాళీగ ఎందుకు పోవాలె, నడువు."

నాకు ఆ ముసలాయన కాళ్లు మొక్కాలనిపించింది. బేరం కూడా ఆడలేదు నేను. నన్నెరిగినవాళ్లకు తెలుసు, నేను బేరం ఆడలేదంటే ఎంత సంతోషపడి ఉండాలో.

జగిత్యాల అంటే మామిడి. పండ్లు ఇంకా రాలేదు, కాయలు మాత్రం బండ్ల నిండా. ఒకామె కాయ కోసి ఉప్పూకారం చల్లి ఇచ్చింది. మా దగ్గర కారం పైపైన చల్లుతారు, ఈమె ముక్కల మధ్య చీలికలు పెట్టి లోపలికి దట్టించింది. పళ్లు జివ్వుమన్నాయి. ఆయన కళ్లలో నీళ్లొచ్చాయి. "సామేలు గిట్లనే కోసెటోడు. కత్తి లేకుంటే బండకు కొట్టెటోడు" అన్నాడు. ఆ మాట తరువాత రెండు ముక్కలు తిని మిగతావి నాకిచ్చేశాడు.

కోరుట్ల: మరదలి కొలతలు

కోరుట్లలో మా చిన్నమ్మ కూతురు శోభ ఉంటుంది. వీధి మొదట్లోనే పసుపు వాసన ముక్కుకు తగిలింది. కొమ్ములు ఉడికించి మేడల మీద, ఖాళీ జాగాల్లో ఆరబోశారు. కుక్కలు కూడా పసుపు కాళ్లతో తిరుగుతున్నాయి. మా సిరిసిల్లలో ఇంట్లోకొస్తే ముందు దారం పోగులు కాలికి చుట్టుకుంటాయి. ఇక్కడ వాకిట్లో ఆడవాళ్లంతా చేటలు ముందేసుకుని తునికాకు కత్తిరిస్తూ, బీడీలు చుడుతూ కూర్చుంటారు. చేతులు ఆగవు, నోళ్లూ ఆగవు.

మా ఆయనకు శోభ మరదలు. మరదలికి నోరెవరు మూయిస్తారు?

"ఏం బావా, ప్లాటు కొననీకి పోతున్నవట? ఎన్ని గజాలు?"

"ఆరడుగుల పొడుగుంటే సాలు."

"దిక్కు సూసినవా? తూర్పు ముఖమేనా? నల్లా కనెక్షన్ ఉన్నదా?"

చేటల ముందున్న ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. ఆయనకూ నవ్వొచ్చింది. తరువాత అన్నం పెడుతూ, పచ్చిపులుసు పోస్తూ, శోభ మామూలుగా అడిగింది.

"అది సరే బావా. నువ్వు గాడ పండుకుంటే మా అక్క ఏడ పండాలె?"

ఆయన తల ఎత్తలేదు. ఇన్నాళ్లూ ఆ ప్రశ్న ఆయనకు తట్టలేదని నాకప్పుడే తెలిసింది. "ఆమెను అడుగు" అన్నాడు మెల్లగా. శోభ నా వైపు చూసింది. నేను పచ్చిపులుసులో ఉప్పు తక్కువైందన్నాను.

ఆరోజు మంచి శుక్రవారం. తెల్లబట్టలు కట్టుకున్నవాళ్లు చర్చి నుంచి తిరిగొస్తున్నారు. మరునాడు ఎలా ఉంటుందో అని నాకు కొంచెం గుబులైంది. మాకూ పెద్దల అమాస ఉంది. పెద్దల పేర్లు చెప్పి బియ్యం, కూరగాయలు ఇస్తాం, అక్కడితో సరి. పోయినవాళ్ల దగ్గరికి కుంచెలూ బకెట్లూ పట్టుకుని పోయే అలవాటు మాకు లేదు.

మేడిపల్లి దాటాక

ఆటో దిగేసరికే జనం. ఊరి చివర మామిడి తోట, దాని అంచున రాళ్లు పాతి తీగె చుట్టిన చిన్న ముక్క. మా ఇంటి ముందర వాకిలంత ఉంటుంది. లోపల వరుసగా మూడు సమాధులు. రెండింటి తలాపున సిలువ, ఒకదాని తలాపున త్రిశూలం. నాలుగో చోట నేల కనబడలేదు. నిండుగా బంతిపూలు, పసుపూ నారింజా కలిసి, మోకాలెత్తున. యాకోబు ఎదురొచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, లుంగీ ఎగగట్టి, చేతులకు అప్పుడే సున్నం అంటించుకుని ఉన్నాడు.

"అచ్చినవా అన్నా! అక్కా, నీళ్లు తాగుండ్రి. ఎండ దంచుతుంది."

నీళ్లిచ్చాక ముగ్గురినీ మాకు పరిచయం చేశాడు. అవును, పరిచయమే. బతికున్నవాళ్లను చూపించినట్టే చూపించాడు.

"గీయిన దేవయ్య. అందరికన్న పెద్ద. నేను పుట్టకముందే పోయిండు. ఫోటో గూడ లేదు. కన్నోళ్లు పోయిండ్రు, పెండ్లి గాలే. మావోళ్లకు అప్పుడు గుంట భూమి లేదు, ఈయనను ఏడ పెట్టాలని తిరుగుతుంటే తోట పటేలు గీ అంచు ఇచ్చిండు. గట్ల మొదలైంది."

త్రిశూలం ఉన్నది లింగం. బావులు తవ్వే ఇంటి పిల్లవాడు, మందుపాతర పేలి పోయాడు. "ఒకపారి సెలవుల అచ్చుకుంట సంచెడు అక్రోట్లు తెచ్చిండు. మాకేం ఎరుక? మా బాపు పన్నుతోని కొరికి పన్ను ఇరగ్గొట్టుకుండు. లింగడు ఊరంత తిరిగి సుత్తెతోని పగలగొట్టి ఇచ్చిండు" అన్నాడు యాకోబు. పక్కనున్న ముసలాయన నోరు తెరిచి ఆ ఖాళీ చూపించాడు. అందరం నవ్వాం. సమాధుల దగ్గర అంత నవ్వొచ్చా అనుకున్నాను గానీ, వాళ్లెవరూ అలా అనుకోవడం లేదు.

మూడోది సామేలు. మా ఆయన అక్కడే నిలబడిపోయాడు. రాయి మీద వేసిన పేరు పోయినేడాది సున్నం కింద మసకగా కనబడుతోంది. ఆయన చేత్తో దుమ్ము తుడిచాడు. తరువాత ఎవరికీ చెప్పకుండా బకెట్లో కుంచె ముంచి, సమాధి అంచు నుంచి సున్నం వేయడం మొదలుపెట్టాడు. నాకు ముచ్చటేసింది. కానీ చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

యాకోబు మెల్లగా దగ్గరికొచ్చాడు. "అన్నా, ఒక ముచ్చటడుగుత. సామేలుకు నువ్వు ఇంటోనివా, బయటోనివా?"

ఇదే అదనని మా ఆయన ఛాతీ విరిచాడు. బస్సులో బట్టీ పట్టిన మాటలన్నీ ఒక్క ఊపున బయటికొచ్చాయి. "ఇంటోన్నే! సొంత తమ్ముని లెక్క. ఒక్క పళ్లెంల తిన్నం. గందుకే తమ్మీ, సామేలు పక్కన గీ నాలుగో జాగ నాకియ్యాలె."

"అయితే కుంచె కింద పెట్టు."

"ఏందీ?"

"ఇంటోళ్లు సున్నం ముట్టద్దు. మా కాడ గంతే. ఇంటోళ్లు సాప మీద కూసోవాలె, బయటోళ్లు ఏస్తరు."

అలా ఎందుకో కొంగు అడ్డం పెట్టుకున్న ఆమె చెప్పింది. మొదటి ఏడాది సామేలు తల్లి మార్తవ్వ తన చేత్తోనే కొడుకు సమాధికి సున్నం వేసిందట. ఒక పూత అయ్యింది. ఆరకముందే ఇంకో పూత. అది ఆరకముందే ఇంకొకటి. పొద్దుగూకినా ఆమె చేయి ఆగలేదు. బకెట్టు ఖాళీ అయితే ఉత్త కుంచెతోనే రుద్దుతూ కూర్చుంది. ఊరంతా పట్టి లేపితే తప్ప లేవలేదు. అప్పటి నుంచి ఏ ఇంటివాళ్లూ తమవాళ్ల సమాధి మీద కుంచె పెట్టకూడదని వాడవాళ్లంతా అనుకున్నారు. ఇంటివాళ్లకు ఎక్కడ ఆపాలో తెలియదని.

మా ఆయన చేతిలో కుంచె కారుతోంది. ఎదురుగా తను మొదలుపెట్టిన సగం పూత. దాన్ని వదలబుద్ధి కాలేదు ఆయనకు.

"అయితే... బయటోన్నే అనుకో తమ్మీ" అన్నాడు.

"బయటోనివైతే జాగ ఎట్లడుగుతవే అన్నా?"

జనం ఘొల్లుమన్నారు. మా ఆయన నా వైపు చూశాడు. నేనేం సాయం చేస్తాను? కొంగు నా నోటికి కూడా అడ్డంగానే ఉంది.

యాకోబు నవ్వు ఆపి, బంతిపూల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. "అన్నా, సూడు. మా వాడ పిలగాండ్లు ఇద్దరు గిప్పుడు బార్డర్ల ఉన్నరు. గీ జాగ ఎవ్వలికోసం ఉన్నదో మాకెరుకే. గందుకే ఖాళీగ ఉంచక పూలు పెట్టినం. ఎండకాలం గూడ బిందెలతోని నీళ్లు మోసి బతికిస్తం. గిండ్ల పూలు పూసినన్ని దినాలు ఎవ్వలు పండకుంట ఉండాలెనని మొక్కు. ముగ్గురికీ పూలు గీడికెల్లే తెంపుతం. నిన్ను పండవెడితే పూలు ఏడ పెట్టాలె చెప్పు?"

ఎవరూ నవ్వలేదు ఈసారి. జనంలో ఒకామె వంగి, మొక్కల మధ్య గడ్డిపోచ పీకింది. ఆ ఇద్దరిలో ఒకరి తల్లట ఆమె. పీకిన గడ్డి పారేయకుండా చేతిలోనే పట్టుకుని నిలబడింది.

మా ఆయన కుంచె బకెట్లో పెట్టేశాడు. "లేదు తమ్మీ. నేనడగ. నేనడిగినట్టు గూడ అనుకోకు" అన్నాడు. నాలుగు నెలలుగా మోసిన మాట అంత త్వరగా దింపేస్తాడని నేననుకోలేదు. నా మొక్కు ఫలించింది. కానీ ఆయన భుజాలు దిగిపోయి, కొత్త చెప్పుల వైపు చూస్తూ నిలబడితే, అయ్యో ఇలా ఫలించకపోయినా బాగుండేదే అనిపించింది.

చాప మీద

అప్పుడొచ్చింది మార్తవ్వ. ఎనభై దాటి ఉంటుంది. చేతికర్ర ఉంది గానీ దాన్ని ఆనుకోవడానికి వాడట్లేదు, దారికి అడ్డమొచ్చిన మేకలను అదిలించడానికి వాడుతోంది. ఇంకో చేతిలో సద్ది గిన్నె. ఎవరో జరిగిందంతా ఆమెకు చెప్పారు. వాళ్లు నవ్వుతూ చెబుతుంటే ఆమె నవ్వకుండా విని, మామిడి నీడలో చాప పరిచి, దాని మీద కూర్చుని, కర్రతో మా ఆయన వైపు చూపింది.

"సిరిసిల్లోడా! గిటు రా."

పోయి ముందు నిలబడ్డాడు.

"ఇంటోనివా, బయటోనివా? ఎవ్వలు నవ్వరు, చెప్పు."

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. సామేలు సమాధి మీద సగం పూత ఎండకు అప్పుడే తెల్లబడుతోంది. ఇంటివాణ్నంటే దాన్ని ముట్టుకోకూడదు. బయటివాణ్నంటే చేతులారా పూర్తి చేసుకోవచ్చు. ఇంత దూరం వచ్చాక ఏదో ఒక్కటే దక్కుతుంది.

"ఇంటోన్నే అవ్వా" అన్నాడు.

"అయితే కూసో. నిలవడ్డవేంది సుట్టం లెక్క?"

కూర్చున్నాడు. ఆమె నన్నూ పిలిచింది, "రా బిడ్డా, కోడలివి, నువ్వు గూడ సున్నం ముట్టద్దు." సద్ది గిన్నె మూత తీసింది. జొన్నరొట్టెలు, చింతచిగురులో ఎండురొయ్యలు. మా వైపు చింతచిగురును పప్పులో వేస్తాం, అంత పుల్లగా ఉంచం. ఇది నాలుక మీద పెడితే చెవుల దాకా పాకింది. యాకోబు, తక్కినవాళ్లు సామేలు సమాధి మీద మా ఆయన వదిలిన చోటి నుంచి పూత అందుకున్నారు. ఆయన చూస్తూ తిన్నాడు. ఒకచోట పూత పలచబడితే లేవబోయాడు. మార్తవ్వ కర్ర ఆయన మోకాలి మీద పడింది. కూర్చున్నాడు.

సున్నం వేసేవాళ్లు దేవయ్య దగ్గరికి వచ్చేసరికి అందరూ లేచారు. ఆయనకు ఇంటివాళ్లు లేరు కదా, ఊరంతా బయటివాళ్లే. అందరికీ కుంచె పట్టే హక్కుంది. అప్పుడు మా ఆయన కూడా పోయాడు, నేనూ పోయాను. ఫోటో కూడా లేని ఆ సిపాయికి ఎన్ని చేతులు పడ్డాయో! మూడింట్లోకీ తెల్లగా మెరిసేది ఆయనదే.

పూలు పెట్టి, యాకోబు ప్రార్థన చేసి, లింగం వాళ్లన్న కొబ్బరికాయ కొట్టాక, మళ్లీ చాప మీదికి చేరాం. అప్పుడు మార్తవ్వ అడిగింది.

"ఏం కొడుకా, సావాలెనని గంత తొందరేంది?"

"తొందరగాదవ్వా. గుండెకు స్టెంటేసిండ్రు. ఎప్పుడేమైతదో."

"నాకు ఎనభై దాటినయ్. నాకెప్పుడేమైతది? నా పాడె కింద భుజం పెట్టేటోడు ఎవ్వడు? ఒక్కడే కొడుకు, గాడ పండుకున్నడు. ఇంటోన్నని పదిమందిల అంటివి. అన్నంక పని జేయాలె. నాకన్న ముందుగాల పోతే ఊకోను. ఒక కొడుకు గట్ల జేసిండు, వాన్ని ఏమనలేకపోయిన. నిన్ను మాత్రం అంట!"

మా ఆయన కళ్లు నిండాయి. చాప మీద నుంచి లేచి, కొత్త చెప్పులు పక్కన విడిచి, ఉత్త కాళ్లతో ఆ మట్టి మీద నిటారుగా నిలబడ్డాడు. పెద్ద ఆఫీసరు ముందు నిలబడ్డట్టు, చేతులు రెండూ పక్కలకు ఆనించి.

"సరే అవ్వా. నీ తరువాతే."

"ఆ, గట్లుండాలె" అని మార్తవ్వ గిన్నె అడుగున మిగిలిన ఎండురొయ్య తీసి, పటపటా నమిలింది. నేను దగ్గర నుంచి చూశాను. పళ్లన్నీ ఉన్నాయి. కళ్లద్దాలు లేవు. మేకల వెంట పరుగెత్తగలిగే కాళ్లున్నాయి. ఆమెను చూస్తే ఇప్పట్లో కదిలే మనిషిలా లేదు. నా మనసు ఎంత చల్లబడిందో ఎలా చెప్పను! చావడానికి జాగా అడగబోయిన మా ఆయన, బతకడానికి హుకుం తెచ్చుకున్నాడు. ఇంటికొచ్చాక పొద్దున మాత్రలు నేను గుర్తు చేయనక్కర లేకుండా వేసుకుంటున్నాడు. వారానికొకసారి ఆమెకు ఫోను చేసి, "మంచిగున్నవా అవ్వా?" అంటాడు. అవతల నుంచి ఆమె, "నేను మంచిగనే ఉన్న, నువ్వు ఉన్నవా?" అని అరుస్తుంది. ఫోను పెట్టగానే నడకకు పోతాడు.

ఇంతే నా కథ. ఇక లేవండి, పొయ్యి మీద పాలు పెట్టాలి. మీ ఇంటివాళ్లు బయట ఎక్కడ కాపలా కాస్తున్నా క్షేమంగా గడప తొక్కాలి. మీ ఇంట్లో పెద్దవాళ్లు మాట వినిపించుకునే చెవులతో, ముద్ద నమిలే పళ్లతో వంద చూడాలి. కూర్చునేవాళ్లకు ఒక చాప చాలక, రెండోది దులిపి పరవాల్సి రావాలి. పచ్చగా, పూతతో, చల్లగా ఉండండి.